నూలు దారి – 9 : చెక్కజోళ్ల చప్పుడు

తెల్లవారుజామున ఐదు దాటుతుంది. చీకటి ఇంకా విడదు. గ్యాసుదీపాల వెలుతురులో ఒక మనిషి పొడుగాటి కర్ర భుజాన వేసుకుని వీధిలోకి వస్తాడు. కర్ర కొసన నాలుగు తీగలు కట్టి ఉంటాయి. ఒక్కో ఇంటి ముందు ఆగి, మేడమీది కిటికీ అద్దాన్ని ఆ తీగలతో టకటకా కొడతాడు. లోపల ఎవరో లేచి తెర కదిపితేగానీ అక్కణ్ణించి కదలడు. వీధిని నిద్రలేపడమే అతని పని, ఇంటికింతని వారానికోసారి కూలి వసూలు చేసుకుంటాడు. అతను వీధి చివరికి చేరేలోపే తలుపులు తెరుచుకోవడం మొదలవుతుంది. ఇక ఆ చప్పుడు. ముందు ఒక జత చెక్కజోళ్లు, ఆ వెనక మూడు నాలుగు జతలు, సందుల్లోంచి వచ్చి కలిసేవి ఇంకొన్ని. ఐదున్నర దాటేసరికి వీధంతా రాతిమీద ఇనుము మోగిపోతుంటుంది. ఆరింటికల్లా అందరూ మిల్లులో ఉండాలి. ఆరు దాటిందంటే వీధిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

బ్లాక్‌బర్న్, బర్న్‌లీ, నెల్సన్, డార్వెన్, గ్రేట్ హార్వుడ్. ఇంగ్లండుకు వాయవ్యాన లాంకషైర్ జిల్లాలో, గాలివాటు కొండల మధ్య ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగిన నేత ఊళ్లివి. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు చిన్ననాటి సంగతులు చెప్పబోతే ఈ చప్పుడు రాకుండా ఉండదు. 1970ల్లో లాంకస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ రాబర్ట్స్ అనే చరిత్రకారిణి టేపురికార్డరు పట్టుకుని ప్రెస్టన్, లాంకస్టర్, బారో ఊళ్లలో పెద్దవయసువాళ్ల ఇళ్లకు వెళ్లింది. రాజులను గురించి, యుద్ధాలను గురించి అడగలేదు. మీ అమ్మ ఏం వండేది, జీతం డబ్బులు ఎవరి చేతికిచ్చేవారు, జబ్బు చేస్తే ఎవరొచ్చేవారు అని అడిగింది. క్లిథరో ఊరి కోటలో ఇలాంటి గొంతులను దాచిపెట్టేందుకే ఒక శబ్ద భాండాగారం చాలా ఏళ్లు నడిచింది. మిల్లు పద్దుల్లో ఎక్కడా కనిపించని చరిత్ర ఆ టేపుల్లో ఉంది.

ఈ ధారావాహికలో ఇప్పటిదాకా మన వైపు నుంచి చూస్తూ వచ్చాం. మచిలీపట్నం అద్దకాలు ఎలా అడుగంటాయో, తీరం పొడవునా మగ్గాలు ఎందుకు ఆగిపోయాయో గత భాగాల్లో చెప్పుకున్నాం. 1913లో లాంకషైర్ నుంచి ఓడలకెక్కిన నూలుబట్ట సుమారు 700 కోట్ల గజాలు. అందులో 300 కోట్ల గజాలు ఒక్క మన దేశానికే వచ్చాయి. ఈ అంకె మనలో చాలామందికి తెలుసు. విదేశీ వస్త్రాల మంటల గురించి బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ మంటల్లో వేసిన బట్టను నేసిన చేతులు ఎవరివో ఆ పుస్తకాలు చెప్పలేదు. వాటిలో ఎన్నో చేతులు పన్నెండేళ్ల పిల్లలవి. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి ఈ భాగం రాయాలని నాకు మనసులో ఉంది.

లాంకషైర్లో పని పంచుకున్న తీరు ముందు తెలియాలి. దక్షిణాన ఓల్డమ్, బోల్టన్ ఊళ్లు నూలు వడికేవి. ఉత్తరాన బ్లాక్‌బర్న్, బర్న్‌లీ, నెల్సన్ బట్ట నేసేవి. మాంచెస్టర్ అమ్మేది, లివర్‌పూల్ ఓడకెక్కించేది. 1801లో బ్లాక్‌బర్న్ పన్నెండు వేల జనం ఉన్న చిన్న పట్నం, 1911 నాటికి అది లక్షా ముప్పైమూడు వేలకు చేరింది. ఈ పెరుగుదలకు ఆధారం ఎక్కువగా మన పంచెలే. రంగు అంచు వేసి మన దేశానికి పంపే ధోవతులు బ్లాక్‌బర్న్ ప్రత్యేకత. అక్కడి నేతగాళ్లు వాటిని 'ధూతీలు' అనే పిలిచేవాళ్లు. లాంకషైర్ మిల్లులు నేసి ప్రపంచమంతా అమ్మిన ఇంకో సాదా బట్ట పేరు 'మడపొల్లం'. నరసాపురం పక్కన, గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయిపాలెమే ఆ మడపొల్లం. ఈస్టిండియా కంపెనీవాళ్లు అక్కడ గిడ్డంగి పెట్టి, మన నేతగాళ్ల దగ్గర కొన్న బట్టకు ఆ ఊరి పేరే స్థిరపడింది. తర్వాత బట్ట అక్కడ నేయడం పోయింది, పేరు మాత్రం ఓడెక్కి లాంకషైర్ చేరింది. గోదావరి పేరు ఎరగని పిల్ల ఒకతె బర్న్‌లీలో మగ్గం పక్కన నిలబడి, మన ఊరి పేరున్న బట్టకు తెగిన పోగులు అతికింది.

ఆ పిల్లను అక్కడ 'హాఫ్-టైమర్' అనేవారు, అంటే సగంపూట పిల్ల. 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం ఎనిమిది నిండిన పిల్లలను మిల్లులో పెట్టుకోవచ్చంది, రోజులో సగం పని, సగం బడి అన్న షరతు మీద. 1874లో ఆ వయసు పదికి, 1890ల్లో పదకొండుకి, ఆ దశాబ్దం చివర పన్నెండుకి పెరిగింది. వంతులు ఇలా ఉండేవి. ఈ వారం పొద్దున్న ఆరింటికి మిల్లు, మధ్యాహ్నం బడి. వచ్చే వారం పొద్దున్న బడి, మధ్యాహ్నం మిల్లు. చట్టసభలో ఇది పని నేర్పుతూ చదువు చెప్పించే చక్కని ఏర్పాటుగా కనిపించి ఉంటుంది. బడి పంతుళ్లకు కనిపించింది వేరు. పొద్దున్న మిల్లు వంతు ఉన్నవాళ్లు మధ్యాహ్నం బల్లమీద తలవాల్చి నిద్రపోయేవారు. వాళ్లను లేపని పంతుళ్లను ఆ పిల్లలు ముసలితనం దాకా గుర్తుపెట్టుకున్నారు.

బడుల్లో 'లాగ్ బుక్' అనే దినచర్య పుస్తకం ఉండేది. ప్రభుత్వ సాయం తీసుకునే ప్రతి బడిలోనూ ప్రధానోపాధ్యాయుడు అది రాయాలని 1862లో నిబంధన వచ్చింది. స్థానిక చరిత్ర రాసేవాళ్లకు అది గని. ఎందరొచ్చారు, ఎందరు రాలేదు, ఊళ్లో తట్టు సోకి బడి ఎన్నాళ్లు మూశారు, మంచు ఎంత లోతు పడింది, సగంపూట పిల్లలు లెక్కల్లో ఎంత వెనకబడ్డారు అని రెండేసి మూడేసి వాక్యాల్లో రాసిపెట్టారు. ఆ పొడి వాక్యాల పక్కన ముసలివాళ్ల జ్ఞాపకాలు పెట్టి చదివితే ఒకదానికొకటి సాక్ష్యం పలుకుతాయి.

పన్నెండేళ్ల పిల్ల మిల్లులో ఏం చేసేది? ఒక నేతగత్తె మామూలుగా నాలుగు మరమగ్గాలు చూసుకునేది. సాయానికి మనిషిని పెట్టుకుంటే ఆరు చూసుకోగలదు. ఆ సాయమే ఈ పిల్ల. పేక అయిపోయిన కండె తీసి కొత్త కండె వేయడం, మగ్గాల కింద దూది దుమ్ము ఊడవడం, నేసిన తాను మోసుకుపోవడం, టీ కాచుకొచ్చి ఇవ్వడం. నడుస్తున్న మగ్గంలో నాడె నిమిషానికి రెండు వందల సార్లు అటూ ఇటూ పరుగెడుతుంది. ఒకే షెడ్డులో అలాంటివి వందల కొద్దీ. పోగు తెగకుండా ఉండాలని గదిని ఆవిరితో చెమ్మగా ఉంచేవారు. మొదటిరోజు ఆ తలుపు దాటి లోపలికి వెళ్లిన పిల్లలు భయంతో ఏడ్చేవారు, ఏడుపు పక్కవాళ్లకు వినిపించేది కాదు.

అందుకే అక్కడ గొంతు లేని ఒక భాష పుట్టింది. దాని పేరు 'మీ-మా'. పెదవులను సాగదీసి, ముఖంతో, చేతులతో మాట్లాడటం. పది మగ్గాల అవతల నిలబడ్డ మనిషితో పెళ్లి కబుర్లు, ఇంటి గొడవలు అన్నీ ఆ భాషలోనే నడిచేవి. కొన్నేళ్లు పనిచేసినవాళ్లకు చెవులు ఎలాగూ మందగించేవి, కాబట్టి ఇళ్లల్లోనూ అదే మాట. ఇద్దరు నేతగత్తెలు ట్రాములో ఎదురెదురుగా కూర్చుని, చప్పుడు లేకుండా పెదవులు కదుపుతూ పొట్టచెక్కలయ్యేలా నవ్వుకోవడం ఆ ఊళ్ల పిల్లలకు వింత కాదు.

ఇంకో పని పిల్లలకు తొందరగా పట్టుబడేది. కొత్త కండె పెట్టినప్పుడు దాని పోగును నాడె పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికి తీయాలి. చేత్తో తీస్తే ఆలస్యం. రంధ్రానికి పెదవులానించి ఒక్కసారి గట్టిగా పీలిస్తే పోగు నోట్లోకి వచ్చేస్తుంది. దాంతోపాటు దుమ్ము, నూనె, పడుగుకు పెట్టిన గంజి, అంతకుముందు అదే నాడెను పీల్చిన మనిషి ఉమ్మి కూడా వచ్చేవి. దీన్ని 'నాడెను ముద్దాడటం' అనేవారు. రోజుకు వందల సార్లు చేయాల్సిన పని. ముందుపళ్లు పుచ్చిపోయిన నేతగత్తెలు ప్రతి వీధిలో ఉండేవాళ్లు. బ్రిటన్‌లో ఈ పద్ధతిని నిషేధించింది 1952లో. ఆ తేదీ చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. చేత్తో పోగు ఎక్కించుకునే నాడెలు అంతకు చాలా ముందే తయారయ్యాయి.

ఈ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక తమ కథ తామే చెప్పారు. ఓల్డమ్ దగ్గర స్ప్రింగ్‌హెడ్‌లో 1879లో పుట్టిన అనీ కెన్నీ పదో ఏట సగంపూట పనికి వెళ్లింది, పదమూడో ఏట పూర్తి పనికి. తిరిగే కండె ఆమె వేలు ఒకటి ఊడబెరికింది. 1905లో మాంచెస్టర్ సభలో లేచి ఆడవాళ్లకు ఓటు ఎప్పుడిస్తారని అడిగి, క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌తోపాటు జైలుకెళ్లింది ఈ అనీయే. బ్లాక్‌బర్న్ పక్కన ఆస్వాల్డ్‌ట్విసిల్‌లో 1886లో పుట్టి గ్రేట్ హార్వుడ్‌లో పెరిగిన ఎథెల్ కార్నీ పదకొండో ఏట మిల్లులో చేరింది. మిల్లులోనే మనసులో పద్యాలు కట్టుకుంది. 1907లో ఆ పద్యాలు పుస్తకంగా వచ్చాయి, 1913లో నవల వచ్చింది. బ్రిటన్‌లో శ్రామిక వర్గం నుంచి నవల అచ్చువేసిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. పని నుంచి ఇంటికొచ్చి, కాళ్లు లాగుతుంటే దీపం ముందు కూర్చుని రాసిన అమ్మాయి ఆమె. మన దగ్గర ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువ, తెలియాల్సిన పేరు.

అదే గ్రేట్ హార్వుడ్ నుంచి ఇంకొకాయన. 1791లో పుట్టిన జాన్ మెర్సర్ చిన్నతనంలోనే కండెలు చుట్టే పనికి కుదిరాడు. పెద్దయ్యాక అద్దకంలోకి వెళ్లి రసాయన విద్య సొంతంగా నేర్చుకున్నాడు. నూలును కాస్టిక్ సోడాలో ముంచితే బలం పెరుగుతుందనీ రంగు బాగా పడుతుందనీ కనిపెట్టి 1850లో పేటెంటు తీసుకున్నాడు. మంగళగిరిలోనో చీరాలలోనో నేతగాడు 'మెర్సరైజ్డ్ నూలు' అన్నప్పుడు పలుకుతున్నది ఆ కండెల పిల్లవాడి పేరే.

సగంపూట పనిని ఎవరు కొనసాగించారన్న ప్రశ్నకు జవాబు అంత సులువు కాదు. యజమానులకు చవక కూలి కావాలి, అది సరే. 1909లో నూలు కార్మికుల సంఘాలు తమ సభ్యులనే ఓటడిగాయి, ఈ పిల్లల వయసు పన్నెండు నుంచి పదమూడుకి పెంచాలా అని. చాలా పెద్ద మెజారిటీతో వద్దన్నారు. పిల్ల తెచ్చే రెండు మూడు షిల్లింగులు ఆ ఇళ్లల్లో అద్దెకో, బొగ్గుకో సరిపోయేవి. మేమూ అలాగే చేశాం, మాకేమైంది అన్న మాట కూడా ఉండేది. పేదరికం మనిషిచేత తన బిడ్డకు వ్యతిరేకంగా ఓటు వేయిస్తుంది. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఆ ఓటు తప్పు కాదనీ అనలేను. చివరికి 1918 విద్యా చట్టం ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది, పూర్తిగా అమలయ్యేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది.

వీధి సంగతి చెప్పకుండా ఈ బాల్యం పూర్తికాదు. చెక్కజోళ్ల అడుగు ఆల్డర్ అనే చెట్టు కలప, దానికింద గుర్రపు లాడంలా వంచి కొట్టిన ఇనప పట్టీ. చీకటిపడ్డాక మగపిల్లలు పరుగెత్తుకొచ్చి కాలితో రాతిని గీరితే నిప్పురవ్వలు లేచేవి. ఎవరి జోడు ఎక్కువ రవ్వలు రాలుస్తుందో పందేలు. పట్టీ ఊడితే అమ్మ చేతిలో దెబ్బలు.

గడప విషయంలో ఆ ఇళ్లు మన ఇళ్లకు దగ్గరి చుట్టాలు. వారానికోసారైనా ఆడవాళ్లు మోకాళ్లమీద కూర్చుని వాకిలి మెట్టు కడిగి, దాని అంచుకు 'గాడిదరాయి'తో తెల్లగానో గోధుమరంగులోనో గీత దిద్దేవారు. రాతిపొడిని సిమెంటుతో కలిపి అచ్చుపోసిన ఇటుకముక్క అది. మాంచెస్టర్ కంపెనీ ఒకటి దానిమీద గాడిద బొమ్మ ముద్ర వేయడంతో ఆ పేరు నిలిచింది. దాన్ని డబ్బులిచ్చి కొనేవాళ్లు తక్కువ. పాతబట్టలవాడు బండి తోలుకుంటూ కేకేస్తే పిల్లలు చినిగిన గుడ్డలు పట్టుకుని పరుగెత్తేవారు, బదులుగా రాయి చేతికొచ్చేది. దిద్దిన గడప తొక్కితే పిల్లల వీపు విమానం మోతే. మిల్లు పొగలో ఊరంతా నల్లబడిపోతుంటే, ఆ ఒక్క మెట్టు మాత్రం నాది అని ప్రతి ఇల్లాలూ పట్టుబట్టి తెల్లగా ఉంచుకుంది.

సహకార దుకాణం ఇంకో జ్ఞాపకం. 1844 డిసెంబరులో రాచ్‌డేల్ ఊరి టోడ్ లేన్‌లో 28 మంది కూడబెట్టిన చిన్న మొత్తంతో తెరిచిన దుకాణం నుంచి ఈ పద్ధతి నలుమూలలా పాకింది. కొన్న సరుకును బట్టి లాభంలో వాటా సభ్యుడికే వస్తుంది. దుకాణానికి పంపేది పిల్లలను కాబట్టి, అమ్మ సభ్యత్వ సంఖ్య పిల్లలు తప్పులేకుండా చెప్పాలి. తప్పు చెబితే వాటా పక్కింటివాళ్లకు పోతుంది! పిండి, చక్కెర, బొగ్గు, ఆ అంకె. దారంతా వల్లె వేసుకుంటూ నడిచేవారు. ఎనభై ఏళ్లు దాటి, సొంత ఫోన్ నంబరు మరిచిపోయే వయసులో కూడా ఆ అంకెను తడుముకోకుండా చెప్పినవాళ్లు ఎందరో.

ఏడాదికోసారి 'వేక్స్' వారం వచ్చేది. ఒక్కో ఊరికి ఒక్కో వారం. ఆ వారం ఊరి మిల్లులన్నీ ఒకేసారి ఆగుతాయి. ఏడాదంతా వారం వారం చీటీకి కట్టిన డబ్బు చేతికొస్తుంది, ఎందుకంటే 1938 చట్టం వచ్చేదాకా సెలవుకు జీతం లేదు. పెట్టె సర్దుకుని సగం ఊరు రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రతీరానికి. అక్కడి బస ఇళ్లలో తిండి సామాను ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, ఇంటావిడ వండిపెడుతుంది, బల్లమీది ఉప్పు మిరియాల గిన్నెకు కొన్నిచోట్ల విడిగా బాడుగ. ఊళ్లోనే ఉండిపోయిన పిల్లలకు దక్కింది మరొకటి. పొగగొట్టాలు చల్లారి మూడు రోజులు గడిచేసరికి గాలి తేటపడి, అవతల పెండిల్ కొండ నిలువెల్లా కనిపించేది.

ఈ ఊళ్లకు మనతో ఉన్న ముడి మొదట బిగుసుకుంది 1861లో. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి ఓడలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది చలికాలానికి లాంకషైర్లో దాదాపు 5 లక్షల మంది దానం మీద బతికారు. అప్పుడు మిల్లులు మన దేశపు పత్తి వైపు చూశాయి. గుంటూరు ప్రాంతపు పత్తి కాలవల మీద పడవల్లో దిగి, కాకినాడ రేవులో ఓడకెక్కింది. ఆ నాలుగేళ్లలోనే కాకినాడ దశ తిరిగింది, 'కోకనాడ' అన్నది బజారులో ఒక పత్తి రకం పేరైంది. లాంకషైర్ నేతగాళ్లకు మాత్రం మన పొట్టిపోగు పత్తి అంటే ఏడుపొచ్చేది. ఎక్కడి భారతీయ పత్తినైనా 'సూరత్' అనేవారు. పోగు ఊరికే తెగిపోతుంది, గజాన్ని బట్టి కూలి కాబట్టి తెగిన ప్రతి పోగూ రొట్టెలో తెగిన ముక్కే. దేవుడా పత్తినియ్యి, సూరత్‌ది మాత్రం వద్దు అని ప్రార్థించారని ఆ ఊళ్లలో చెప్పుకునేవారు.

రెండోసారి దెబ్బ తగిలింది 1921 నుంచి. జపాన్ మిల్లులు, బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు, మన దిగుమతి సుంకాలు, పైన స్వదేశీ ఉద్యమం. 1931లో లాంకషైర్ నుంచి మనకొచ్చిన బట్ట 1913 నాటిదానిలో ఐదో వంతు కూడా లేదు. ఆ పతనాన్ని పిల్లవాడి కళ్లతో చూసినవాడు విలియం ఉడ్రఫ్. 1916లో బ్లాక్‌బర్న్‌లో పుట్టాడు, అదీ మిల్లులో దూది ఏకే గదిలోనే పుట్టానని రాసుకున్నాడు. తర్వాత అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర చెప్పే ఆచార్యుడయ్యాడు. ఎగుమతుల లెక్కలు నిద్రలో అడిగినా చెప్పగల పండితుడు 'ది రోడ్ టు నాబ్ ఎండ్' అన్న ఆత్మకథలో మాత్రం పని పోయిన నాన్న ఇంట్లో కూర్చుంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో రాశాడు. లాంకషైర్ గురించి తెలుసుకోవాలనుకునే తెలుగు పాఠకుడికి ముందు ఈ పుస్తకమే చేతికిస్తాను.

ఇక డార్వెన్. ఆ ఊరికి గుర్తు 300 అడుగుల పైచిలుకు ఎత్తున్న పొగగొట్టం, ఇటలీ గంటస్తంభంలా రంగుల ఇటుకతో కట్టింది. 1867లో పూర్తయిన ఆ మిల్లు పేరు 'ఇండియా మిల్'. 1931 సెప్టెంబరు 25 రాత్రి ఆ ఊరి స్ప్రింగ్ వేల్ స్టేషన్లో గాంధీజీ రైలు దిగారు. రౌండ్‌టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన ఆయనను, మీ బహిష్కరణ మా ఊళ్లనేం చేసిందో కళ్లారా చూడమని మిల్లువాళ్లే పిలిచారు. పనిలేని కార్మికులు వచ్చి కష్టం చెప్పుకున్నారు. ఆయన కూర్చుని అంతా విన్నారు, మా దేశంలో మీకన్నా అడుగున ఉన్నవాళ్లు కోట్లమంది ఉన్నారని మెత్తగానే చెప్పారు, ఖాదీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు గ్రీన్‌ఫీల్డ్ మిల్లు బయట తీసిన ఫొటో మీరు చూసే ఉంటారు. ఏప్రన్లు కట్టుకున్న మిల్లు ఆడవాళ్లు గుంపుగా చుట్టుముట్టి, చేతులు పైకెత్తి, నోరారా నవ్వుతూ కేరింతలు కొడుతున్నారు. మధ్యలో శాలువా కప్పుకుని గాంధీజీ. పాతికేళ్లు దాటిన ముఖాలు అందులో చాలా ఉన్నాయి. ఆ వయసు లెక్కన చూస్తే వాళ్లలో ఎక్కువమంది పన్నెండో ఏట, పొద్దున్న ఆరింటికి, చీకట్లో చెక్కజోళ్లు మోగించుకుంటూ మగ్గాల దగ్గరికి నడిచిన పిల్లలే అయ్యుండాలి.

(సశేషం)